బి. నాగవేణి, బుధవారం మూడు గంటలు

నేను ఒక గేటు రిజిస్టరును. పుస్తకమే గానీ, చదువుకోవడానికి ఎవరూ కొనని జాతి. రెండు వందల ఆకులు, ఎర్ర గుడ్డ వీపు, అట్ట మీద నీలి చారల కాగితం. నన్ను కుట్టిన ముసలాయన దారానికి మైనం రాసి, ఆఖరి ముడి వేసి, నా వీపు మీద ఒకసారి చేత్తో నిమిరాడు. అనుమానం లేకుండా నన్ను తాకిన మొదటి చెయ్యి అది. అలాంటి చేతులు తర్వాత నాకు ఎక్కువ దొరకలేదు.

రాయలసీమలో ఒక విశ్వవిద్యాలయానికి చేరాను. పేరు చెప్పను, చెప్పినంత మాత్రాన ఎవరూ సిగ్గుపడరు. అక్కడ ఆడపిల్లల హాస్టలు వార్డెను విజయకుమారి మేడం. వృక్షశాస్త్రంలో ప్రొఫెసరు. ఆమె స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో నా ప్రతి పుటనూ గడులుగా కోసింది. పేరు, గది, వెళ్ళిన సమయం, కారణం, వచ్చిన సమయం, సంతకం. మిగతా గడులన్నీ సన్నవి. కారణం అనే గడి మాత్రం వెడల్పు.

రోడ్డుకు అవతల మగపిల్లల హాస్టలు. దానికి నాలాంటిది లేదు. వాళ్ళు ఎందుకు బయటికి వెళుతున్నారో తెలుసుకోవాలని ఎవరికీ ఎన్నడూ అనిపించినట్టు లేదు.

గేటు దగ్గర ఇనుప బల్ల మీద నా కాపురం. నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కుళ్ళాయమ్మ. ఆమె కాపలా మనిషి, యాభై దాటిన వయసు. చదువు రాదు. ఏ పిల్ల ఏ పూట అన్నం మానేసిందో, ఎవరి ముఖం ఏ రోజు వాడిందో మాత్రం ఆమెకు తెలుసు. పిల్లలు రాస్తుంటే గోడ గడియారం చూసి, "మూడయింది పాపా, మూడు వెయ్యి" అనేది.

మొదటి వారం పిల్లలు నాలో నిజాలే రాశారు. 'చెప్పు తెగింది.' 'పానీపూరి.' 'అమ్మకు ఫోను, లోపల సిగ్నల్ లేదు.' ఒకమ్మాయి గుండ్రటి అక్షరాలతో 'ఊరికే' అని రాసింది. శనివారం మేడం వచ్చి, వేలు నాలుకకు అద్దుకుని, నా ఆకులు ఒక్కొక్కటే తిప్పింది. 'ఊరికే' దగ్గర ఆగి, దాని కింద ఎర్ర సిరాతో 'ఊరికే అంటే?' అని రాసి, రెండు గీతలు కొట్టింది. ఆ అమ్మాయి తండ్రికి ఫోను వెళ్ళింది. సోమవారం నుంచి నూట నలభై మంది ఒకే కారణం రాశారు. జెరాక్స్. గుడికి వెళ్ళినా, సినిమాకు వెళ్ళినా, గదిలో ఊపిరాడక నాలుగడుగులు వేసి వచ్చినా జెరాక్సే. నిజం చెప్పమని అడిగేవాళ్ళే అబద్ధాలు నేర్పుతారు. ఆ అబద్ధాలన్నీ మోసింది నేను. ఆ తడి వేలి మరక ఇప్పటికీ నా ప్రతి ఆకు మూలనా ఉంది.

హాస్టల్లో నాగవేణి అనే పేరున్న వాళ్ళు ఇద్దరుండేవారు. ఇద్దరూ నాలో 'బి. నాగవేణి' అనే రాసేవారు. ఒకరు బోయ నాగవేణి, ఇంజనీరింగు మొదటి సంవత్సరం. బక్కగా, పొడవుగా ఉండేది. నెలకు ఒకసారి కూడా బయటికి వెళ్ళేది కాదు. రెండో ఆమె బండారు నాగవేణి, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం, నెమ్మదస్తురాలు. ప్రతి బుధవారం మూడింటికి వెళ్ళి ఆరున్నరకు వచ్చేది. కారణం జెరాక్స్. గది సంఖ్య ఇద్దరూ రాసేవారు కాదు. ఎవరూ రాసేవారు కాదు, ఎవరూ అడిగేవారూ కాదు. మేడంకు కావలసిన గడి అది కాదు.

చిన్న నాగవేణి బయటికి వెళ్ళకపోయినా, సాయంత్రాలు గేటు దగ్గరికి వచ్చి కుళ్ళాయమ్మ పక్కన మెట్టు మీద కూర్చునేది. ఆ రోజు పాఠం చెబితే తప్ప ఆమెకు తోచేది కాదు. ఆ ఏడాది వాళ్ళకు కొత్తగా ఒక కోర్సు పెట్టారు. డేటాబేసులు, కృత్రిమ మేధ, రెండింటికీ కలిపి పరిచయం. చెప్పేది డాక్టర్ ఉమాకాంత్. నలభై ఏళ్ళు, మంచి గొంతు, పాలిష్ చెడని బూట్లు. ఆ పిల్లకు ఆయనంటే గౌరవం. ఆయన మాటలు ఆయన చేతులు తిప్పినట్టే తిప్పుతూ చెప్పేది.

"అవ్వా, సార్ ఈరోజు ఏం చెప్పినాడో తెలుసా? కంప్యూటర్లో మనుషుల్ని పేరుతో గుర్తు పెట్టుకోకూడదంట. ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఇద్దరూ కలిసిపోతారంట. అందుకని ప్రతి ఒక్కరికీ వేరే గుర్తు ఒకటి ఉండాల. దాన్ని ప్రైమరీ కీ అంటారు."

కుళ్ళాయమ్మ వక్క కొరుకుతూ విన్నది. "ఇదేం కొత్తా? మా ఊర్లో కుళ్ళాయమ్మలం పదిమందిమి. ఎర్ర కుళ్ళాయమ్మ, గొర్రెల కుళ్ళాయమ్మ, కుంటి కుళ్ళాయమ్మ అంటారు. వట్టి కుళ్ళాయమ్మ అని పిలిస్తే ఎవురూ పలకరు."

"అదే అవ్వా, అదే ప్రైమరీ కీ" అని ఆ పిల్ల విరగబడి నవ్వింది.

డిసెంబరులో ఒక సంగతి తెలిసింది. తనిఖీ సంఘం వస్తోంది. విశ్వవిద్యాలయానికి మార్కులు వేసే పెద్దలు. వాళ్ళకు చూపించడానికి ప్రతి శాఖలో ఏదో ఒక వింత కావాలి. ఉమాకాంత్‌కు, విజయకుమారి మేడంకు మధ్య ఏం మాటలు నడిచాయో నాకు తెలియదు. ఒక ఉదయం నన్నూ, నాకు ముందు రెండేళ్ళు కాపురం చేసి మూలపడ్డ నా అక్కలిద్దర్నీ గోనె సంచిలో వేసి ల్యాబుకు మోసుకుపోయారు. కోర్సులో ప్రాజెక్టు మేమేనట. దారి తప్పే అవకాశం ఉన్న విద్యార్థినులను ముందుగా కనిపెట్టే వ్యవస్థ తయారు చేయాలట. దారి అంటే ఏది, తప్పడం అంటే ఏమిటి అని అరవై మంది పిల్లల్లో ఒక్కరూ అడగలేదు. చెప్పవలసినాయన చెప్పనూ లేదు.

తలా ఇరవై పుటలు పంచారు. కుట్లు సాగేట్టు నన్ను విరిచి బల్లల మీద పరిచారు. ఎగ్‌పఫ్ తిన్న చేతులతో టైపు చేశారు. నూనె వేళ్ళ అచ్చులు ఆడపిల్లల సంతకాల మీద పడ్డాయి. వెనక బెంచీ మగపిల్లలు కారణాలు బయటికి చదువుతూ, ఎవరి జెరాక్స్ ఎవరితోనో లెక్కలు కట్టి నవ్వారు. ఆ గదిలో పదిహేడు మంది ఆడపిల్లలున్నారు. వాళ్ళందరి రాకపోకలూ నాలోనే ఉన్నాయి. తలలు వంచుకుని టైపు చేశారు. చిన్న నాగవేణి పంచిన పుటలు పూర్తిచేసి, బల్ల మీద చేతులు ముడుచుకుని కూర్చుంది. ఆమె ముఖం ఎర్రబడి ఉంది. అయినా నోరు తెరవలేదు. మార్కులు ఇరవై అయిదు, సారు మంచివాడు, అందరూ చేస్తున్నారు. మనుషులు ఏ రొచ్చులోకైనా ఈ మూడు మెట్ల మీదుగానే దిగుతారని నాకు ఆ రోజు తెలిసింది.

గది సంఖ్యల గడి ఖాళీగా ఉంది కదా. ఇద్దర్ని విడదీయడానికి గుర్తు ఏదని ఒక అమ్మాయి అడిగింది. ఉమాకాంత్ గడియారం చూసుకున్నాడు. "ప్రస్తుతానికి పేరే పెట్టండి, తర్వాత చూద్దాం" అన్నాడు. మొదటి పాఠంలో అరగంట సేపు చేయకూడదని చెప్పిన పని అది. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు.

ఇక కంప్యూటరుకు మంచి ఏదో చెడు ఏదో నేర్పాలి. దానికి పాత ఉదాహరణలు కావాలి. మేడం తన డైరీలోంచి ఒక చీటీ ఇచ్చింది. గత రెండేళ్ళలో తాను తల్లిదండ్రులను పిలిపించిన పంతొమ్మిది మంది పేర్లు. వాళ్ళ పక్కన ఒకటి వేశారు, మిగతా అందరి పక్కనా సున్న. కంప్యూటరు అది చూసి నేర్చుకుంది. బుద్ధిగల విద్యార్థి, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది.

తనిఖీ రోజు నన్ను ల్యాబులో బల్ల మీద పెట్టి, 'ముడి సమాచారం' అని చీటీ అతికించారు. ముగ్గురు పెద్దలు జీడిపప్పు నములుతూ వచ్చారు. కంప్యూటరు నేర్చుకున్నదాన్ని మోడల్ అంటూ, ఉమాకాంత్ తెర మీద గీతలు, రంగులు చూపించాడు. ఒక పెద్దాయన, "కచ్చితత్వం ఎంత?" అని అడిగాడు. "తొంభై ఒక్క శాతం సార్." చప్పట్లు కొట్టారు. దేనికి తొంభై ఒక్క శాతమో అడగలేదు. చివర్లో ఈ సంవత్సరపు పిల్లల మీద దాన్ని నడిపించి, తెర మీద పదకొండు పేర్లు ఎర్రగా వెలిగించారు. మొట్టమొదటి పేరు బి. నాగవేణి.

తరగతి మొత్తం తలలు తిప్పి చిన్న నాగవేణి వైపు చూసింది. ఆమె లేచి నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు, ఎవరో పేరు పిలిచినట్టు నిలబడిపోయింది. ఉమాకాంత్ నవ్వుతూ, "కూర్చోమ్మా, ఇది ఉత్త మోడల్" అన్నాడు. ఆ పక్కనే నిలబడ్డ విజయకుమారి మేడం మాత్రం పేర్ల ప్రింటు అడిగి తీసుకుంది.

ఆమె మొదటి పేరుతోనే మొదలుపెట్టింది. మూడో రోజు ఉదయం ఆ పిల్ల తండ్రి తిప్పేస్వామి హాస్టలు గేటు దగ్గర దిగాడు. వేరుశనగ రైతు. బస్సులో నిలబడే వచ్చాడు. కుళ్ళాయమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి, చెంబు రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాడు. లోపలికి పిలిచి మేడం చెప్పిన మాట గేటు దాకా వినిపించింది. "ప్రతి బుధవారం జెరాక్స్ అని రాసి మూడున్నర గంటలు బయటే ఉంటోంది. మీ అమ్మాయిని హాస్టలు ఖాళీ చేయించి తీసుకెళ్ళండి. నేను అనడం కాదండీ, కంప్యూటర్ చెప్పింది." మనిషి ముఖం మీద చెప్పలేని మాటను కంప్యూటరు నోట్లో పెట్టి చెప్పించడం, పైగా తాను చెప్పలేదనడం. ఇంత నీచం నా రెండు వందల ఆకుల్లో ఏ పిల్ల రాసిన ఏ అబద్ధంలోనూ లేదు.

హాస్టలు పోతే ఆ పిల్ల చదువు పోయినట్టే. ఊరి నుంచి రోజూ వచ్చిపోవడానికి బస్సు లేదు. ఆ సంగతి తండ్రికీ తెలుసు, కూతురికీ తెలుసు. ఆయన బయటికి వచ్చి కూతురిని అడిగింది మాత్రం ఒక్కటే.

"పాపా, జెరాక్స్ అంటే ఏమిది?"

"కాయితానికి నకలు తీసేది నాయినా."

"దానికి పంపించేస్తారా?"

ఆ పిల్ల బల్ల దగ్గరికి వచ్చి నన్ను తెరిచింది. తడి వేలితో కాదు. ఒక్కొక్క ఆకూ అంచు పట్టుకుని తిప్పింది. బి. నాగవేణి, బుధవారం, మూడు. మళ్ళీ బి. నాగవేణి, బుధవారం, మూడు. ఆ అక్షరాలు తనవి కావు. సంతకం తనది కాదు. కాసేపు అలాగే చూసి, లేచి, నన్ను చంకన పెట్టుకుని సరాసరి ఉమాకాంత్ గదికి నడిచింది. కుళ్ళాయమ్మ ఆపలేదు.

"సార్, బుధవారం మూడింటికి నేను మీ ల్యాబులోనే ఉంటి. మీ హాజరు పుస్తకం చూడండి. పన్నెండు బుధవారాలూ ఉంటి."

ఆయన చూశాడు. తన పుస్తకం చూశాడు, నన్ను చూశాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "రెండు వరుసలు కలిసిపోయాయి. చాలా చిన్న పొరపాటు" అన్నాడు. వెంటనే కంప్యూటరు ముందు కూర్చుని, నాలోని సంతకాలు చూసుకుంటూ ఇద్దరినీ విడదీశాడు. మళ్ళీ నడిపించాడు. బోయ నాగవేణి పేరు ఎర్ర పట్టీలోంచి జారి అడుగుకు పోయింది. ఆయన ముఖం వెలిగింది.

"చూశావా, ఇప్పుడు అసలు మనిషి స్కోరు ఇంకా పెరిగింది. నీవల్ల మోడల్ మెరుగైందమ్మా."

కొత్త పట్టీ ప్రింటు తీసి, మేడంకు పంపడానికి కవరులో పెట్టాడు. ఆ పిల్ల నన్ను గుండెకు పట్టుకుని, పరుగులాంటి నడకతో గేటుకు వచ్చింది. తండ్రితో, కుళ్ళాయమ్మతో ఒకేసారి చెప్పింది. అది తాను కాదు, పెద్ద నాగవేణి. కంప్యూటరు సరిచేసుకుంది. తనను పంపరు.

తండ్రి ముఖం తేటపడింది. కుళ్ళాయమ్మ ముఖం తేటపడలేదు.

"ఆ పాప బేస్తవారం కాదు, శుక్రవారం కాదు, బుధవారమే ఎందుకు పోతాదో నీకు తెలుసునా?"

"తెలీదు అవ్వా."

"ఇది చెప్పే హక్కు ఆ పాపకే గానీ నాకు లేదు. అయినా నువ్వు ఆ పాప పేరు వాళ్ళ చేతికిచ్చి వచ్చినావు గాబట్టి చెప్తాండా. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు బుధవారమే చూస్తాడు. ఫిట్స్. మందులు మానకూడదు. హాస్టల్లో తెలిస్తే ఇంటికి పంపుతారని, ఇంట్లో తెలిస్తే పెళ్ళి చేసి వదిలించుకుంటారని, ఎవురికీ చెప్పదు. ఒకసారి నేనే తోడు పోయినా."

చిన్న నాగవేణి మెట్టు మీద కూర్చుండిపోయింది. అంతవరకు ఆమెకు మేడం మీద, సార్ మీద ఉన్న అసహ్యం ఇప్పుడు తన మీదికి తిరిగింది. తన పేరు తుడుచుకోవడానికి ఇంకో పిల్ల మీద రుద్ది వచ్చింది. నాకు ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆ పేర్లు మోసినదాన్ని నేను.

మర్నాడు మేడం గదిలో అందరూ కూర్చున్నారు. మేడం, ఉమాకాంత్, తిప్పేస్వామి, ఇద్దరు నాగవేణులు. సాక్ష్యంగా నన్ను బల్ల మీద పెట్టారు. మేడం తిప్పేస్వామికి క్షమాపణ లాంటిది ఏదో గొణిగి, పెద్ద నాగవేణి వైపు తిరిగింది. "బుధవారాలు ఎక్కడికి వెళుతున్నావు?"

పెద్ద నాగవేణి గోడ చూస్తూ కూర్చుంది. చిన్న నాగవేణి లేచింది. ముందు రోజు మధ్యాహ్నమంతా ఆమె పరీక్షల విభాగం గోడ మీద అతికించిన పాత ఫలితాల పట్టీల ముందు నిలబడి వచ్చింది. చేతిలో ఒక కాగితం.

"మేడం, మీరిచ్చిన పంతొమ్మిది పేర్లు ఇవి. కంప్యూటర్‌కు చెడ్డవాళ్ళంటే వీళ్ళేనని నేర్పినాం. పంతొమ్మిది మందీ పాసైనారు. నలుగురికి డిస్టింక్షన్. ఎవురూ చదువు మానలేదు, ఎవురూ ఎక్కడికీ పోలేదు. మరి వీళ్ళు తప్పిన దారి ఏది?"

మేడం పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"సార్, మన మోడల్ అమ్మాయిల గురించి ఏమీ నేర్చుకోలేదు. మేడం ఎవరింటికి ఫోన్ చేస్తారో అది నేర్చుకునింది. తొంభై ఒక్క శాతం కరెక్టుగా నేర్చుకునింది."

ఉమాకాంత్ తన బూట్లు చూసుకున్నాడు. తిప్పేస్వామికి ఆ మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో తెలియదు. కానీ కూతురు కూర్చున్నాక, ఆయన లేచి పెద్ద నాగవేణికీ మేడంకూ మధ్య ఉన్న ఖాళీ కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. అంతే చేశాడు.

"సరే, ఆలోచిద్దాం" అని మేడం లేచింది.

ఆలోచించలేదు. పట్టీని ఎవరూ రద్దు చేయలేదు, అమలూ చేయలేదు. అది సొరుగులోకి పోయింది. న్యాయం జరగకుండా అన్యాయం ఆగిపోవడం మనుషులకు బాగా అలవాటైన ఏర్పాటు. పెద్ద నాగవేణి ఆ గది నుంచి వచ్చిన పది రోజులకు తనంతట తానే హాస్టలు వదిలింది. ఊళ్ళో ఒక నర్సు ఇంట్లో గది చూసుకుంది. పెట్టె పట్టుకుని వెళ్ళేటప్పుడు చిన్న నాగవేణి గేటు దాకా వచ్చింది.

"అక్కా, నావల్ల..."

"నీవల్ల కాదులే. నువ్వు కాకపోయినా ఎవరో ఒకరు తిరగేసేవాళ్ళు."

ఆ తర్వాత ప్రతి బుధవారం మూడింటికి చిన్న నాగవేణి ల్యాబు మానేసి బయటికి వెళ్ళింది. పెద్దాసుపత్రిలో క్యూలో నిలబడి చీటీ తీసి ఉంచేది. మందు తిన్నాక తల తిరిగితే పట్టుకోవడానికి పక్కన ఉండేది. ల్యాబు హాజరు పడిపోయింది. ప్రాజెక్టు నివేదిక మీద సంతకం చేయనంది. ఇరవై అయిదుకు సున్న పడింది. థియరీతో ఒడ్డున పడి పాసైంది. ఆ ప్రాజెక్టుకు మాత్రం ఉత్తమ ప్రాజెక్టు పత్రం వచ్చింది. చట్రం కట్టి ల్యాబు గోడకు తగిలించారు.

ఉమాకాంత్ ఇప్పుడు కొత్త పిల్లలకు మొదటి పాఠంలో ఈ కథే చెబుతున్నాడట. ఇద్దరమ్మాయిలు, ఒకే పేరు, కలిసిపోయిన వరుసలు. తప్పు చేసింది ఎవరో అజాగ్రత్త విద్యార్థి అని, సరిచేసింది తానని చెబుతాడట. అది విన్న రోజు చిన్న నాగవేణి గేటు దగ్గరికి వచ్చి, కుళ్ళాయమ్మ భుజానికి తల ఆనించింది.

నిన్న సాయంత్రం ఆయన గేటు దగ్గరికి వచ్చాడు. కొత్త బ్యాచికి ప్రాజెక్టు కావాలట. మోడల్ ఇంకా పెద్దది చేయాలట. "పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయమ్మా?"

కుళ్ళాయమ్మ కుర్చీలోంచి లేవలేదు. "చెదలు పట్టినాయి సార్."

"మూడూనా?"

"మూడూ సార్. పొడి పొడి అయిపోయినాయి."

ఆయన నమ్మాడో లేదో గానీ, చెదలను అడగలేడు కదా. వెళ్ళిపోయాడు.

ఈ ఉదయం ఆమె నన్ను తన ఇంటి వెనక నీళ్ళ పొయ్యి దగ్గరికి తెచ్చింది. నా అక్కలిద్దరూ నిన్న రాత్రే ఇదే పొయ్యిలో అయిపోయారు. నా అట్ట ముందు పోయింది, తర్వాత వీపు. ఇప్పుడు ఆకులు. ఆమెకు చదువు రాదు, అయినా ఒక్కో ఆకు చింపే ముందు వెలుగుకు పట్టి చూస్తోంది. గుండ్రటి అక్షరాలు, వాలు అక్షరాలు, గొలుసుకట్టు సంతకాలు. వాటిని ముఖాల్లా గుర్తుపడుతోంది. "ఇది గీత పాపది... ఇది ఆ కాలు బెణికిన పాపది" అనుకుంటూ పొయ్యిలోకి వదులుతోంది.

ఇంకా పదహారు ఆకులున్నాయి నాలో. నీళ్ళు కాగుతున్నాయి. మంట నాకు వెగటుగా లేదు, ఈ చెయ్యి పొడిగా ఉంది.